పాపికొండలకు వచ్చిన హైమన్‌డార్ఫ్: కొండరెడ్ల గురించి ఆయన రాసింది, మనం మరిచింది

ఆత్రేయపురం పేరు చెప్పగానే ఎవరికైనా పూతరేకులు గుర్తొస్తాయి. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మాకు మాత్రం ముందుగా కాలువ గుర్తొస్తుంది. బొబ్బర్లంక దగ్గర గోదావరిని విడిచి, లొల్ల లాకులు దాటి కోనసీమ పొలాల్లోకి పారే నీళ్లు అవి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి, దాన్ని కట్టించిన కాటన్ దొర గురించి మా ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆనకట్టకు ఎగువన ఆ నీళ్లు ఎవరి మధ్య నుంచి వస్తున్నాయో బడిలో మాకు ఎవరూ చెప్పలేదు.

ఆనకట్టకు పైన గోదావరి పాపికొండల ఇరుకులోంచి వస్తుంది. నీళ్లతో పాటే ఒకప్పుడు టేకు దుంగలు, వెదురు తెప్పలుగా కట్టి రాజమండ్రికి దించేవాళ్లు. డెల్టాలో ఆసాముల మండువా లోగిళ్లకు దూలాలు, వాసాలు అయింది ఏజెన్సీ కలపే. మాలపల్లెలో, మాదిగపల్లెలో మన తాతలవి తాటాకు ఇళ్లు. ఆ లోగిళ్ల కింద పొలాల్లో పని చేసింది మన వాళ్లయితే, ఆ దూలాలను కొండమీద నరికి ఏటి ఒడ్డుకు ఈడ్చింది కొండరెడ్లు, కోయలు. ఒకే నదికి పైన ఒకరు, కింద ఒకరు ఉండి కూడా ఇద్దరికీ పరిచయం లేకుండానే తరాలు గడిచిపోయాయి.

కొండరెడ్లంటే ఎవరో పల్లంలో చాలామందికి తెలియదు. పేరులో రెడ్డి ఉందని భూస్వాముల కులంతో కలిపేసి మాట్లాడే చదువుకున్నవాళ్లను కూడా చూశాం. పల్లపు రెడ్లకూ వీళ్లకూ ఏ సంబంధమూ లేదు. గోదావరికి రెండు వైపులా పాపికొండల వాలుల్లో, రంప కొండల్లో చిన్న చిన్న ఊళ్లుగా బతికే ఆదివాసీ సమాజం ఇది. మాట్లాడేది తెలుగే. పోడు కొట్టి జొన్న, చిరుధాన్యాలు, పప్పులు పండించుకుంటారు. జీలుగు కల్లు, అడవి దుంపలు, చింతపండు, వెదురు వీళ్ల బతుకుకు ఆధారం. ప్రభుత్వ లెక్కల్లో షెడ్యూల్డు తెగ. అందులోనూ ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవాళ్లు.

వీళ్ల జీవితం గురించి మొదటిసారి ఒక పూర్తి పుస్తకం రాసినవాడు మన దేశస్థుడు కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1909లో ఒక ప్రభు కుటుంబంలో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. తెలంగాణలో గోండు ఊళ్లలో ఇవాళ్టికీ ఆయన పేరు ఇంట్లో మనిషి పేరులా వినిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆ పేరు దాదాపు ఎవరికీ తెలియదు. ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పుకోవడం ఆయన్ని పొగడడానికి కాదు. ఆ జీవితం గుండా ఒక చిన్న కొండ సమాజం చరిత్ర ఎట్లా నమోదైందో, నమోదయ్యాక కూడా ఎట్లా పక్కన పడిందో చూడడానికి.

హైమన్‌డార్ఫ్ వియన్నాలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత లండన్‌లో మలినోవ్‌స్కీ తరగతుల్లో కూర్చున్నారు. జనం మధ్య నెలల తరబడి ఉండి, వాళ్లతో పాటు తిరిగి రాయాలన్న పద్ధతి అక్కడ బలపడింది. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య పని చేశారు. ఆ ఏడాదే బ్రిటిష్ అధికారి జె.పి. మిల్స్ నడిపిన పాంగ్షా శిక్షా దండయాత్రలో ఆయన కూడా ఉన్నారు. ఆ దండయాత్రలో ఊరిని తగలబెట్టారు. ఆ కొండల్లో ఆయన సేకరించిన వస్తువులు వియన్నా మ్యూజియానికి చేరాయి. ఈ సంగతి దాటేసి ఆయన్ని ఆదివాసీల ఆప్తుడిగా మాత్రమే చూపే వ్యాసాలు చాలా ఉన్నాయి. పరిశోధకుడు ఎవరి వెంట నడిచి ఊళ్లోకి అడుగుపెట్టాడన్నది చిన్న విషయం కాదు. ఆ ప్రశ్న మాకూ వర్తిస్తుంది. ఆ సంగతికి చివర్లో వస్తాం.

1938లో ఆయన బెట్టీ అనే ఆంగ్ల మహిళను పెళ్లి చేసుకున్నారు. ఆమె పూర్తి పేరు ఎలిజబెత్ బర్నార్డో. 1939లో ఇద్దరూ ఇండియాకు వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు కనుక హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రు దేశస్థుడు. అధికారుల్లో ఉన్న పరిచయాల వల్ల నిర్బంధ శిబిరానికి పోకుండా నిజాం రాజ్యం ఎల్లల్లో ఉండడానికి అనుమతి దొరికింది. నాగా కొండలకు తిరిగి వెళ్లాలనుకున్న మనిషి అట్లా తెలుగు అడవులకు చేరారు. 1940లో నల్లమలలో చెంచుల మధ్య గుడారం వేశారు. ప్రతి చోటా బెట్టీ ఆయనతో ఉన్నారు. నోట్సు రాసుకోవడంలో, ఆడవాళ్లతో మాట్లాడడంలో, శిబిరం నడపడంలో ఆమె పని సగం. దక్షిణాసియా మానవశాస్త్ర రచనల మీద 1958లో పెద్ద గ్రంథసూచిని కూడా ఆమె తయారు చేశారు. అయినా పుస్తకాల అట్టల మీద ఎక్కువగా ఉన్నది భర్త పేరే.

ఆ 1940లోనే ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. అడవి రిజర్వు పేరిట పోడును అడ్డుకోవడం, గోండుల భూములు పట్టాలు పుట్టించగలిగిన వలసదారుల చేతుల్లోకి పోవడం, అటవీ సిబ్బంది వసూళ్లు ఆ తిరుగుబాటుకు కారణాలు. తిరుగుబాటును అణిచేశాక, అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం ప్రభుత్వానికి పడింది. గోండుల స్థితిని పరిశీలించే పని హైమన్‌డార్ఫ్‌కు దక్కింది. పాఠ్యపుస్తకాల్లో ఈ వరుసను తిరగేసి చెబుతారు. దయగల దొర వచ్చి గోండుల బాధ కనిపెట్టాడన్నట్టు ఉంటుంది. ముందు గోండులు తిరగబడ్డారు, నెత్తురు కార్చారు. దొర తర్వాత వచ్చారు.

కొండరెడ్ల దగ్గరకు ఆయన 1941లో వచ్చారు. అప్పట్లో పాపికొండల దగ్గర గోదావరి రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు. ఒక ఒడ్డున నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లా, పాల్వంచ ప్రాంతం. ఎదురు ఒడ్డున మద్రాసు ప్రభుత్వం కింద భద్రాచలం ఏజెన్సీ. కొండరెడ్లు రెండు ఒడ్డుల్లోనూ ఉన్నారు. హైమన్‌డార్ఫ్ ప్రధానంగా నిజాం వైపు ఊళ్లలో తిరిగారు. ఏటి ఒడ్డున కోయిద, కట్కూరు, కాకిస్నూరు, పేరంటపల్లి వంటి ఊళ్లు, పైన కొండల మీద నాలుగైదు గుడిసెల పల్లెలు. ఆ పని ఫలితంగా 1945లో ఒక పుస్తకం వచ్చింది. పాపికొండలను ఇంగ్లిషు పటాల్లో అడవిదున్నల కొండలని రాసేవాళ్లు. ఆ పేరుతోనే, ఆ కొండల రెడ్లు అన్న అర్థం వచ్చేట్టు పుస్తకానికి శీర్షిక పెట్టారు.

ఆ పుస్తకంలో రెండు రకాల కొండరెడ్లు కనిపిస్తారు. పై కొండల్లో పోడు చేసుకునేవాళ్లు ఒకరు. అడవి నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో మొన తేలిన కర్రతో గుంటలు పొడిచి విత్తనం వేస్తారు. నాగలి లేదు, ఎడ్లు లేవు. రెండు మూడేళ్లకు ఆ చెలకను అడవికి వదిలేసి ఇంకో చోటికి పోతారు. పంట చాలని నెలల్లో దుంపలు తవ్వుకుంటారు, మామిడి టెంకల్లోని జీడిని నానబెట్టి, ఉడికించి తింటారు. జీలుగు చెట్టు పారే కాలంలో కల్లే సగం ఆహారం. చేతిలో డబ్బు లేదు, అయితే ఎవరి కింద పాలేరుతనమూ లేదు.

ఏటి ఒడ్డుకు దిగి కలప కూపుల్లో పని చేసేవాళ్లు రెండో రకం. అడవిని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు వేలం వేసేది. కాంట్రాక్టరు ముందుగా ధాన్యం, ఉప్పు, బట్ట అప్పుగా ఇస్తాడు. లెక్క రాసేది ఆయనే. నరికినన్ని దుంగలు నరికాక కూడా లెక్కలో అప్పు తీరదు. తీరలేదు కనుక వచ్చే ఏడు కూడా ఆ కాంట్రాక్టరు దగ్గరే పని చేయాలి. పనికి పోతే పోడుకు సమయం ఉండదు. పోడు లేకపోతే తిండికి మళ్లీ ఆ కాంట్రాక్టరు ధాన్యమే దిక్కు. ఈ ఉచ్చును హైమన్‌డార్ఫ్ ఓపికగా, ఊరు ఊరుకీ చూసి రాశారు. ఆ కలప చేరేది రాజమండ్రి బజారుకు. అక్కడి నుంచి డెల్టాకు. పల్లంలో పాలేరుగా అప్పులో పుట్టి అప్పులో పోయిన మన తాతల బతుకు తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. నామాలు మారాయి, ఖాతా పుస్తకం ఒకటే.

దళిత పాఠకులుగా మనం ఆగి చదవాల్సిన చోటు ఇంకొకటి ఉంది. కోయలు గొడ్డుమాంసం తింటారు, కొండరెడ్లు తినరు. ఆ కారణంగా కొండరెడ్లు తమను కోయల కంటే ఎక్కువని అనుకోవడం, వాళ్ల చేతి అన్నం తినకపోవడం ఆయన గమనించారు. గుడి లేదు, బ్రాహ్మడు లేడు, ఊళ్లో ధనికుడూ లేడు. అయినా తిండిని బట్టి మనిషిని కొలిచే అలవాటు కొండెక్కింది. కులం పల్లంలోనే ఉంటుంది, ఆదివాసీల్లో ఉండదు అని మన సభల్లో తేలిగ్గా అంటుంటాం. వర్తకం, అప్పు ఏ దారిన కొండ ఎక్కాయో ఎక్కువ తక్కువల తూకం కూడా ఆ దారినే ఎక్కిందని ఈ పుస్తకం చదివితే మాకు అర్థమైంది. దళితులూ ఆదివాసీలూ కలిసి నడవాలనుకుంటే ఈ సంగతిని దాచకుండా మాట్లాడుకోవాలి.

తర్వాతి సంవత్సరాల్లో హైమన్‌డార్ఫ్ పరిశోధకుడి పాత్ర దాటి ప్రభుత్వ యంత్రాంగంలోకి వెళ్లారు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. నడుమ కొంతకాలం ఈశాన్య సరిహద్దులో అపతానీల ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వానికి పని చేసి, 1945లో తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారు అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగానూ ఉన్నారు. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు ఆదిలాబాద్‌లో నిలబడి పని చేయడం వల్ల 1940ల చివరికి లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసీల పేర్ల మీద పట్టా అయింది. 1356 ఫసలీలో, అంటే 1946లో, హైదరాబాద్ గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది.

కొండరెడ్లకు మాత్రం అంత జరగలేదు. వాళ్ల కష్టం ఆయన కలం కింద అంతే వివరంగా నమోదైంది. వాళ్ల వైపు నుంచి ప్రభుత్వాన్ని భయపెట్టిన జోడేఘాట్ లేదు. ఎదురు ఒడ్డున, రంప కొండల్లో 1879లోనూ 1922లోనూ తిరుగుబాట్లు లేచాయి. నిజాం ఒడ్డున ఉన్న కొండరెడ్లు సంఖ్యలో తక్కువ, పల్లెకూ పల్లెకూ మధ్య కొండ, అందరూ చెదిరి ఉన్నవాళ్లు. నివేదిక ఒక్కటే భూమిని తెచ్చిపెట్టదని, దాని వెనక కదిలిన జనం ఉంటేనే అధికారి సంతకం పెడతాడని గోండులనూ కొండరెడ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే దేశంలో ఆదివాసీల గురించి పెద్ద వాదం నడిచింది. 1943లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆదివాసీలను వెనుకబడిన హిందువులుగా లెక్కగట్టి, వాళ్లు హిందూ సమాజంలో కలిసిపోవడమే దారి అన్నట్టు రాశారు. వెరియర్ ఎల్విన్, హైమన్‌డార్ఫ్ వంటివాళ్లు ముందు వాళ్ల భూమికి, అడవికి రక్షణ కావాలన్నారు. కలిసిపోవడం అంటే అట్టడుగు కూలీగా కలవడమేనని కొండరెడ్ల కూపులు ఆయనకు చూపించాయి. రెండు పక్షాల్లోనూ ఆదివాసీ గొంతు లేదు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడేదాకా ఆ వాదమంతా ఇతరులు ఇతరుల గురించి చేసుకున్నదే. హైమన్‌డార్ఫ్ కోరుకున్న రక్షణలో కూడా నిర్ణయించేవాడు అధికారే, ఆదివాసీ కాదు. ఆయన ఆలోచనకు ఉన్న హద్దు అది.

హైదరాబాద్ రాజ్యం ముగిశాక ఆయన లండన్‌కు వెళ్లారు. ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాసంస్థలో 1951లో ఆచార్య పదవి చేపట్టి, 1976లో విరమించేదాకా అక్కడే పని చేశారు. 1950ల నుంచి నేపాల్‌లో షెర్పాల మధ్య తిరిగారు. విరమించాక మళ్లీ మన అడవులకు వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక అవే ఊళ్లు, అవే కుటుంబాలు. చాలా చోట్ల పట్టా అయిన భూమి గోండుల చేతుల్లో లేదు. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959లో చట్టం వచ్చింది, 1970లో 1/70గా అది గట్టిపడింది. చట్టం కాగితం మీద ఉంది, పొలంలో వేరేవాడు ఉన్నాడు. కొండరెడ్ల అడవిలో వెదురు రాజమండ్రి కాగితం మిల్లుకు పోతోంది, కొండరెడ్డి కూలీగానే ఉన్నాడు.

ఈ తిరుగు ప్రయాణాల నుంచి 1982లో భారతదేశపు తెగల మనుగడ పోరాటం గురించిన పుస్తకం వచ్చింది. 1940లలో అధికారుల మీద ఆశ పెట్టుకున్న మనిషి ఇందులో ఆ యంత్రాంగం ఎట్లా విఫలమైందో పేజీ పేజీకీ రాశారు. ఆ పుస్తకానికి ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి అడగడానికి కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. జోడేఘాట్ తర్వాత నలభై ఒక్క ఏళ్లకు మళ్లీ అదే నేల మీద అదే సమస్య.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో మరణించారు. ఆమె కోరిక మేరకు మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో కన్నుమూశారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలుచుకుంటారు. పాపికొండల్లో ఆయనకు అట్లాంటి గుర్తు ఏదీ లేదు.

ఆయన తిరిగిన ఊళ్లకే ఇప్పుడు గుర్తు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం జాతీయ ప్రాజెక్టు అయింది. ముంపులో పడే ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి ఆదివాసీల సమ్మతి తీసుకోకుండానే ఎల్లలు మారిపోయాయి. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లకు ప్రభుత్వ లెక్క ప్రకారమే లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. కోయిద, కట్కూరు, పేరంటపల్లి, కాకిస్నూరు పేర్లు ముంపు ఊళ్లలో ఉన్నాయి. ప్రాజెక్టు వల్ల మేలు పొందే వాటిలో గోదావరి డెల్టా స్థిరీకరణ ఒకటి. అంటే ఆత్రేయపురం కాలువ.

పరిశోధన కోసం మేము ఒక పునరావాస కాలనీకి వెళ్లాం. వరుసగా కట్టిన ఇళ్లు, చుట్టూ చెట్టు లేని నేల. ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఏ ఊరని అడిగారు. ఆత్రేయపురం అని చెప్పాం. నీళ్లు పోయే వైపా అని అడిగి కాసేపు ఊరుకున్నారు. తర్వాత, మాట్లాడింది రాసుకుని ఏం చేస్తారని అడిగారు. విశ్వవిద్యాలయానికి ఇస్తామని చెప్పాం. మాకు ఏమిస్తారని అడిగారు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. హైమన్‌డార్ఫ్ తీసిన వేలాది ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి, కంప్యూటర్‌లో చూడవచ్చు. మరోసారి వెళ్లినప్పుడు 1941 నాటి పాపికొండల ఫొటోలు కొన్ని ముద్రించి తీసుకెళ్లాం. ఆడవాళ్లు మనుషుల కంటే ముందు వెనకనున్న కొండను గుర్తుపట్టారు. ఏ వాలు మీద ఎవరి పోడు ఉండేదో, ఏ చింతచెట్టు ఎవరిదో వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఇళ్ల పరిహారం జాబితాల్లో ఆ చింతచెట్లకు, ఆ పోడుకు చోటు దొరకక వాళ్లు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

2006 అటవీ హక్కుల చట్టం ఇట్లాంటి సమూహాలకు విడి పట్టాలతో పాటు, తరతరాలుగా తిరిగిన ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కును గుర్తించింది. ఆ హక్కు అడగాలంటే ఎక్కడ ఉండేవాళ్లు, ఏ కొండ ఎవరు వాడుకునేవాళ్లు అన్న రుజువు కావాలి. 1945 నాటి పుస్తకం, ఆ ఫొటోలు అట్లాంటి రుజువులే. వాటిని తెలుగులోకి తెచ్చి, ఊరు ఊరుగా విడదీసి, గ్రామసభల చేతికి ఇవ్వడం పరిశోధక విద్యార్థులు చేయగలిగిన పని. మేము నాలుగు ఊళ్లతో మొదలుపెట్టాం. న్యాయం చదివిన మిత్రులు, ఏజెన్సీలో పని చేస్తున్న కార్యకర్తలు కలిస్తే మిగతా ఊళ్లకూ చేయవచ్చు.

మా జిల్లాకు ఇవాళ అంబేద్కర్ పేరు ఉంది. ఆ పేరు కోసం 2022లో అమలాపురంలో ఎన్ని మంటలు చూశామో మనకు తెలుసు. ఆ పేరున్న జిల్లాలో పొలాలకు నీళ్లు పారుతున్నప్పుడు, ఆ నీళ్ల కోసం ఊరు వదిలినవాళ్ల లెక్క మన ఉద్యమాల ఎజెండాలో ఉండాలి. కోనసీమలో వచ్చే అంబేద్కర్ జయంతి సభలకు ఆ కాలనీ నుంచి కొండరెడ్లను పిలవాలని, వేదిక మీద వాళ్లే మాట్లాడాలని మా పేటలో అనుకున్నాం. ఆ పెద్దాయనకు కబురు పంపాం. వస్తానన్నారు.